ఎంఎస్ఐలో కస్టమ్ యాక్షన్‌తో ప్రాపర్టీ సెట్ చేయడం: ఎప్పుడు, ఏ వైపు, ఎవరి వాల్యూ గెలవాలి

ఎంఎస్ఐ ప్యాకేజీలో (విండోస్‌లో ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్, లోపలంతా టేబుళ్లున్న డేటాబేస్) ఒక ప్రాపర్టీకి వాల్యూ పెట్టడం నిజానికి ఒక్క లైన్ పని. అయినా ఇన్‌స్టాలర్ చేసేవాళ్ల టైమ్‌లో సగం దీనికే పోతుంది, ఎందుకంటే వాల్యూ పెట్టడం కాదు కష్టం, అది సరైన టైమ్‌కి పెట్టామా, పెట్టింది అవతలి ప్రాసెస్ దాకా వెళ్లిందా, అడ్మిన్ కమాండ్ లైన్‌లో ఇచ్చినదాన్ని మనమే తుడిచేశామా అన్నది కష్టం. డబుల్ క్లిక్ చేస్తే చక్కగా పనిచేసిన సెటప్ కంపెనీలో సైలెంట్‌గా (డైలాగులేవీ చూపించకుండా) పుష్ చేసేసరికి ఖాళీ పోర్ట్ నంబర్‌తో సర్వీస్ ఇన్‌స్టాల్ చేసిందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. హైదరాబాద్, బెంగళూరుల్లో అప్లికేషన్ ప్యాకేజింగ్ పని చేసే మనవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకి రోజూ పనికొచ్చేలా ఒక ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చెప్తా.

ఉదాహరణ ఇదీ: ఒక చిన్న విండోస్ సర్వీస్, దానికో పోర్ట్ నంబర్, ఒక డేటా ఫోల్డర్. పోర్ట్ ప్రాపర్టీ పేరు సర్వర్‌పోర్ట్ అనుకుందాం. పేర్లన్నీ ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నా, టూల్‌లో మాత్రం ఇంగ్లీష్‌లోనే టైప్ చేయాలి, సర్వర్‌పోర్ట్‌ని మొత్తం క్యాపిటల్ లెటర్స్‌లో. ఆ క్యాపిటల్స్ ఎందుకంత ముఖ్యమో ఇప్పుడే చూద్దాం.

ముందు ప్రాపర్టీ గురించి తెలియాల్సినవి

విండోస్ ఇన్‌స్టాలర్‌లో ప్రాపర్టీ అంటే ఇన్‌స్టాల్ నడిచినంతసేపు ఉండే వేరియబుల్, అంతే. టైప్ లేదు, అంతా స్ట్రింగే. ఖాళీ వాల్యూ అన్నా ప్రాపర్టీ అసలు లేకపోవడం అన్నా దానికి ఒకటే, అందుకే కండిషన్‌లో ఉత్త ప్రాపర్టీ పేరు రాస్తే "దీనికి వాల్యూ ఉందా" అని అర్థం. పేర్లలో పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా పక్కాగా పట్టించుకుంటుంది.

పేరు మొత్తం క్యాపిటల్స్‌లో ఉంటే అది పబ్లిక్ ప్రాపర్టీ, ఒక్క చిన్న అక్షరం ఉన్నా ప్రైవేట్. పబ్లిక్ అయితేనే కమాండ్ లైన్‌లో ఇవ్వగలం, పబ్లిక్ అయితేనే యూఐ వైపు (డైలాగులు చూపించే భాగం) నుంచి ఎగ్జిక్యూట్ వైపుకి (నిజంగా ఇన్‌స్టాల్ చేసే భాగం) వెళ్తుంది. డైలాగ్‌లో యూజర్ టైప్ చేసిన వాల్యూని ప్రైవేట్ ప్రాపర్టీలో పట్టుకుంటే నెక్స్ట్ నెక్స్ట్ నొక్కినంతసేపు కనిపిస్తుంది, తీరా ఇన్‌స్టాల్ మొదలయ్యాక మాయమైపోతుంది.

ఫిక్స్‌డ్ వాల్యూ అయితే కస్టమ్ యాక్షన్ (ఇన్‌స్టాల్ మధ్యలో మనం అదనంగా చేర్చే స్టెప్) అసలు అక్కర్లేదు, ప్రాపర్టీ టేబుల్‌లో ఒక రో పెడితే సరిపోతుంది. కానీ ప్రాపర్టీ టేబుల్‌లో రాసిన వాల్యూ ఉన్నదున్నట్టు వెళ్తుంది, స్క్వేర్ బ్రాకెట్లలో ఇంకో ప్రాపర్టీ పేరు రాస్తే అది విప్పదు, ఆ బ్రాకెట్లతో సహా అక్షరాలుగానే ఉండిపోతుంది. ఒక ప్రాపర్టీ వాల్యూ ఇంకోదాని మీద ఆధారపడితే, లేదా కండిషన్‌ని బట్టి మారాల్సి వస్తే, అప్పుడే కస్టమ్ యాక్షన్ కావాలి.

టైప్ 51: ఎక్కువ సార్లు ఇదొక్కటే చాలు

కస్టమ్ యాక్షన్ టైపుల్లో 51 అంటే ఫార్మాటెడ్ టెక్స్ట్ నుంచి ప్రాపర్టీ సెట్ చేయడం. డీఎల్ఎల్ లేదు, స్క్రిప్ట్ లేదు, యాంటీవైరస్ గొడవ లేదు, ఫెయిలయ్యే ఛాన్స్ కూడా దాదాపు లేదు. ఓర్కాలో (ఎంఎస్ఐ టేబుళ్లని తెరిచి మార్చే టూల్) చేయాలంటే కస్టమ్ యాక్షన్ టేబుల్ తెరిచి కొత్త రో వేయండి: యాక్షన్ కాలమ్‌లో మీకు నచ్చిన పేరు, టైప్ 51, సోర్స్ కాలమ్‌లో ఏ ప్రాపర్టీ మారాలో దాని పేరు, టార్గెట్ కాలమ్‌లో కొత్త వాల్యూ. తర్వాత ఇన్‌స్టాల్ ఎగ్జిక్యూట్ సీక్వెన్స్ టేబుల్‌లో అదే యాక్షన్ పేరుతో ఒక రో, కండిషన్, సీక్వెన్స్ నంబర్. కావాలంటే ఇన్‌స్టాల్ యూఐ సీక్వెన్స్‌లో కూడా.

విక్స్ (ఎక్స్ఎంఎల్ రాసి ఎంఎస్ఐ తయారుచేసే టూల్‌సెట్) వాడేవాళ్లకి ఇంకా సుఖం, సెట్‌ప్రాపర్టీ అనే ఎలిమెంట్ ఒక్కటి రాస్తే కస్టమ్ యాక్షన్ రో, సీక్వెన్స్ రోలు అదే పుట్టిస్తుంది. ఐడీలో ప్రాపర్టీ పేరు, వాల్యూ, ఏ యాక్షన్‌కి ముందు లేదా తర్వాత, ఏ సీక్వెన్స్ (యూఐ, ఎగ్జిక్యూట్, రెండూ, లేదా ఫస్ట్). కండిషన్ విక్స్ 3లో ఎలిమెంట్ లోపల టెక్స్ట్‌గా రాసేవాళ్లం, విక్స్ 4 నుంచి కండిషన్ అనే అట్రిబ్యూట్‌లో రాయాలి, పాత ప్రాజెక్ట్ అప్‌గ్రేడ్ చేసేటప్పుడు ఇది చూసుకోండి. ఒకే ప్రాపర్టీకి రెండు సెట్‌ప్రాపర్టీలు పెడితే యాక్షన్ పేరు రెండింటికీ ఒకటే పడి బిల్డ్ ఆగిపోతుంది, యాక్షన్ అట్రిబ్యూట్‌తో రెండోదానికి వేరే పేరు ఇవ్వాలి.

కొత్తగా చేసేవాళ్లు అందరూ తడబడేది బ్రాకెట్ల దగ్గర. వాల్యూలో వేరే ప్రాపర్టీని వాడాలంటే స్క్వేర్ బ్రాకెట్లు కావాలి, కండిషన్‌లో మాత్రం బ్రాకెట్లు అస్సలు పెట్టకూడదు, ఉత్త పేరు రాయాలి. బ్రాకెట్లో పేరు ముందు పర్సెంట్ గుర్తు పెడితే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, హ్యాష్ గుర్తు పెడితే ఫైల్ టేబుల్‌లో ఆ కీ ఉన్న ఫైల్ పూర్తి పాత్. ఈ హ్యాష్ గుర్తుది, ఫోల్డర్ ప్రాపర్టీలది సరిగ్గా విప్పాలంటే కాస్ట్ ఫైనలైజ్ అనే స్టెప్ అయిపోయి ఉండాలి, ఎందుకంటే ఏ ఫోల్డర్ ఎక్కడన్నది తేలేది అక్కడే.

ఒక మంచి చిన్న వాడకం చెప్తా. కంట్రోల్ ప్యానెల్ లిస్టులో ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ లొకేషన్ చాలా ప్యాకేజీలకి ఖాళీగా ఉంటుంది, దానికి ఏఆర్‌పీ‌ఇన్‌స్టాల్‌లొకేషన్ అనే ప్రాపర్టీ ఉంది, దాన్ని మీ ఇన్‌స్టాల్ ఫోల్డర్ ప్రాపర్టీకి టైప్ 51తో సెట్ చేసి, ఎగ్జిక్యూట్ సీక్వెన్స్‌లో కాస్ట్ ఫైనలైజ్ తర్వాత పెడితే అయిపోయింది. ఇన్వెంటరీ టూల్స్ వాడే అడ్మిన్‌లు మీకు దండం పెడతారు.

ఫోల్డర్ మార్చాలంటే 51ఆ, 35ఆ

డేటా ఫోల్డర్‌ని డి డ్రైవ్‌కి మార్చాలనుకోండి. కాస్ట్ ఫైనలైజ్‌కి ముందైతే టైప్ 51 చాలు, డైరెక్టరీ టేబుల్‌లో ఉన్న ఆ ఐడీ పేరుతో ప్రాపర్టీ సెట్ చేస్తే కాస్టింగ్ అప్పుడు అదే తీసుకుంటుంది. కాస్ట్ ఫైనలైజ్ తర్వాత మాత్రం 51తో మారిస్తే ప్రాపర్టీ మారినట్టు లాగ్‌లో కనిపిస్తుంది కానీ ఫైళ్లు పాత చోటికే పోతాయి. అక్కడ టైప్ 35 వాడాలి, సోర్స్‌లో డైరెక్టరీ కీ, టార్గెట్‌లో పాత్. విక్స్‌లో దీనికి సెట్‌డైరెక్టరీ ఎలిమెంట్ ఉంది.

అసలు కథ: కమాండ్ లైన్, రిజిస్ట్రీ, డిఫాల్ట్

ఇన్‌స్టాలర్ ప్రాపర్టీలని గుర్తుపెట్టుకోదు. ఇవాళ 9090 ఇచ్చి ఇన్‌స్టాల్ చేసిన అడ్మిన్ ఆరు నెలల తర్వాత రిపేర్ కొడితే సర్వర్‌పోర్ట్ మళ్లీ డిఫాల్ట్ 8080కి వచ్చేస్తుంది, కాన్ఫిగ్‌లో కూడా అదే రాసేస్తుంది, సర్వీస్ తప్పు పోర్ట్ మీద లేస్తుంది. కాబట్టి ఇన్‌స్టాల్ అప్పుడు ఆ వాల్యూని రిజిస్ట్రీలో రాసి, తర్వాతి సారి యాప్ సెర్చ్‌తో (రిజిస్ట్రీ లాంటి చోట్ల వెతికి దొరికినదాన్ని ప్రాపర్టీలో పెట్టే ఇన్‌స్టాలర్ సొంత యాక్షన్) చదువుకోవాలి. అక్కడితో ఇంకో సమస్య మొదలవుతుంది, యాప్ సెర్చ్‌కి రిజిస్ట్రీలో వాల్యూ దొరికితే అది కమాండ్ లైన్‌లో ఇచ్చినదాన్ని కూడా తొక్కేస్తుంది. అప్‌గ్రేడ్ అప్పుడు అడ్మిన్ 7070 ఇచ్చినా రిజిస్ట్రీలో ఉన్న పాత 9090 గెలుస్తుంది.

మనకి కావాల్సిన వరస స్పష్టం: కమాండ్ లైన్‌లో ఇస్తే అది, లేకపోతే రిజిస్ట్రీలోది, అదీ లేకపోతే డిఫాల్ట్. దీన్ని మూడు టైప్ 51లతో సాధించొచ్చు.

మొదటిది యాప్ సెర్చ్‌కి ముందు. సీఎండీ_సర్వర్‌పోర్ట్ అనే ఇంకో పబ్లిక్ ప్రాపర్టీలోకి సర్వర్‌పోర్ట్ వాల్యూని కాపీ చేస్తుంది, కండిషన్: సర్వర్‌పోర్ట్ (అంటే వాల్యూ ఉంటేనే). రెండోది యాప్ సెర్చ్ అయిన వెంటనే, సీఎండీ_సర్వర్‌పోర్ట్‌ని తిరిగి సర్వర్‌పోర్ట్‌లోకి, కండిషన్: సీఎండీ_సర్వర్‌పోర్ట్. మూడోది దాని తర్వాత, సర్వర్‌పోర్ట్‌కి 8080, కండిషన్: నాట్ సర్వర్‌పోర్ట్. విక్స్‌లో యాప్ సెర్చ్ డిఫాల్ట్‌గా 50 దగ్గర ఉంటుంది కాబట్టి ఓర్కాలో చేత్తో వేసేవాళ్లు 45, 55, 56 లాంటి నంబర్లు పెట్టుకోవచ్చు. సీక్వెన్స్‌లు రెండింటిలోనూ పెట్టి, టైప్‌కి 256 కలపండి, అంటే 307. ఆ 256 ఫ్లాగ్‌కి అర్థం "యూఐ సీక్వెన్స్ నడిచి ఉంటే ఎగ్జిక్యూట్‌లో మళ్లీ నడవకు" అని, విక్స్‌లో ఫస్ట్ అనేది ఇదే. యాప్ సెర్చ్ కూడా తనంతట తను ఇలాగే ప్రవర్తిస్తుంది, క్లయింట్ వైపు అయిపోయింది కాబట్టి వదిలేస్తున్నా అని లాగ్‌లో చెప్తుంది. అప్పుడు యూజర్ డైలాగ్‌లో మార్చిన వాల్యూ ఎగ్జిక్యూట్ వైపుకి వచ్చాక దాన్ని ఎవరూ కెలకరు.

ఈ ప్యాటర్న్‌లో తప్పనిసరిగా గుర్తుంచుకోవాల్సింది, డిఫాల్ట్ 8080ని ప్రాపర్టీ టేబుల్‌లో పెట్టకూడదు. పెడితే మొదటి యాక్షన్ దాన్నే కమాండ్ లైన్ వాల్యూ అనుకుని దాచేస్తుంది, యాప్ సెర్చ్ రిజిస్ట్రీ నుంచి 9090 తెస్తుంది, రెండో యాక్షన్ దాని మీద 8080 వేసేస్తుంది. ప్యాటర్న్ అంతా పెట్టి కూడా "పనిచేయట్లేదు" అనేవాళ్ల ప్యాకేజీలో ముందుగా చూడాల్సిన చోటు ఇదే.

ఇంకోటి, రిజిస్ట్రీలో పోర్ట్‌ని డీవర్డ్‌గా (నంబర్ రకం వాల్యూగా) రాస్తే యాప్ సెర్చ్ దాన్ని ముందు హ్యాష్ గుర్తు పెట్టి ఇస్తుంది, 9090 కాదు, #9090 వస్తుంది. అది కాన్ఫిగ్ ఫైల్లోకి అలాగే వెళ్తే సర్వీస్ లేవదు. గుర్తుపెట్టుకోవడానికి రాసేదాన్ని మామూలు స్ట్రింగ్‌గా రాయండి, ఈ తలనొప్పే ఉండదు.

రెండు వైపులు, మధ్యలో గేటు

ఫుల్ యూఐతో నడిచినప్పుడు మొదట క్లయింట్ ప్రాసెస్‌లో యూఐ సీక్వెన్స్, తర్వాత విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీస్‌లో ఎగ్జిక్యూట్ సీక్వెన్స్. సైలెంట్‌లో గానీ, ఉత్త ప్రోగ్రెస్ బార్ చూపించే బేసిక్ యూఐలో గానీ యూఐ సీక్వెన్స్ అసలు నడవదు. అందుకే యూఐ సీక్వెన్స్‌లో మాత్రమే పెట్టిన సెట్‌ప్రాపర్టీ, డైలాగ్ బటన్‌కి తగిలించిన యాక్షన్, ఇవన్నీ సైలెంట్ ఇన్‌స్టాల్‌లో లేనట్టే లెక్క. డైలాగ్ నుంచి వచ్చే ప్రతి వాల్యూకీ ఎగ్జిక్యూట్ వైపు కూడా ఒక డిఫాల్ట్ దారి ఉందా అని అడగండి, లేకపోతే ఇప్పుడే పెట్టండి.

మధ్యలో గేటు కూడా ఉంది. అడ్మిన్ కాని యూజర్ నడిపి, ఇన్‌స్టాల్ ఎలివేట్ అయినప్పుడు (అడ్మిన్ హక్కులతో నడిచినప్పుడు), పబ్లిక్ ప్రాపర్టీలు కూడా అన్నీ సర్వర్ వైపుకి, అంటే ఆ ఎగ్జిక్యూట్ వైపుకి వెళ్లవు. సెక్యూర్ కస్టమ్ ప్రాపర్టీస్ అనే ప్రాపర్టీలో సెమీకోలన్‌తో పేర్లు రాసి పెడితే అవి వెళ్తాయి, మిగతావి గేటు దగ్గరే ఆగిపోతాయి. లాగ్‌లో "ఇగ్నోరింగ్ డిస్ఎలౌడ్ ప్రాపర్టీ" అనే లైన్ కనిపిస్తే ఇదే జరిగిందని అర్థం. విక్స్‌లో ప్రాపర్టీకి సెక్యూర్ యెస్ అని పెడితే ఆ లిస్టులో అదే చేరుస్తుంది. మన ఉదాహరణలో సర్వర్‌పోర్ట్, సీఎండీ_సర్వర్‌పోర్ట్ రెండూ సెక్యూర్ అవ్వాలి. డెవలపర్ మెషీన్‌లో అందరూ అడ్మిన్‌లే కాబట్టి ఈ తప్పు మన దగ్గర ఎప్పుడూ బయటపడదు, కస్టమర్ దగ్గరే బయటపడుతుంది.

డిఫర్డ్ యాక్షన్‌కి వాల్యూ అందించడం

సిస్టమ్‌లో నిజంగా మార్పు చేసే కస్టమ్ యాక్షన్, అంటే కాన్ఫిగ్ ఫైల్ రాయడం, సర్వీస్‌కి ఏదో సెట్టింగ్ పెట్టడం లాంటివి, డిఫర్డ్‌గా (అప్పటికప్పుడు కాకుండా, క్యూలో చేరి తర్వాత నడిచేలా) ఉండాలి, ఇన్‌స్టాల్ ఇనిషియలైజ్‌కి ఇన్‌స్టాల్ ఫైనలైజ్‌కి మధ్యలోనే ఉండాలి (బయట పెడితే ఎర్రర్ 2762 వస్తుంది). ఈ డిఫర్డ్ యాక్షన్ ప్రాపర్టీలు చదవలేదు. కిరాణా కొట్టుకి పిల్లాడి చేతికి చీటీ ఇచ్చి పంపినట్టు అన్నమాట, చీటీలో రాసిందే వాడికి తెలుసు, కొట్టు దగ్గర నిలబడి ఇంట్లో వాళ్లని అడగలేడు. ఆ చీటీ పేరు కస్టమ్ యాక్షన్ డేటా. అది కాక ప్రాడక్ట్ కోడ్, యూజర్ ఎస్ఐడీ మాత్రమే దానికి కనిపిస్తాయి.

చీటీ రాసేది కూడా టైప్ 51తోనే. డిఫర్డ్ యాక్షన్ పేరు రైట్‌కాన్ఫిగ్ అయితే, సరిగ్గా రైట్‌కాన్ఫిగ్ అనే పేరుతోనే ఒక ప్రాపర్టీని సెట్ చేయాలి, క్యాపిటల్స్‌తో సహా అక్షరం తేడా లేకుండా, డిఫర్డ్ యాక్షన్‌కి ముందు. వాల్యూలో కావాల్సినవన్నీ పోర్ట్=[సర్వర్‌పోర్ట్];ఫోల్డర్=[డేటాఫోల్డర్] లాగా కూర్చండి. సీ షార్ప్‌లో డీటీఎఫ్ అనే విక్స్ లైబ్రరీ వాడితే సెషన్ నుంచి వచ్చే కస్టమ్ యాక్షన్ డేటా ఆబ్జెక్ట్ ఈ ఫార్మాట్‌ని తనే విడగొట్టి ఇస్తుంది, వాల్యూలోనే సెమీకోలన్ వచ్చే అవకాశం ఉంటే దాన్ని రెండుసార్లు రాయాలి. రోల్‌బ్యాక్ యాక్షన్ (ఇన్‌స్టాల్ ఫెయిలైతే చేసిన మార్పుని వెనక్కి తీసేది) ఉంటే దాని పేరు వేరు కాబట్టి దానికి ఇంకో చీటీ, అంటే ఇంకో టైప్ 51 కావాలి, చాలా ప్యాకేజీల్లో రోల్‌బ్యాక్ పనిచేయకపోవడానికి కారణం ఇది మర్చిపోవడమే.

ఫోల్డర్ ప్రాపర్టీల చివర ఎప్పుడూ బ్యాక్‌స్లాష్ ఉంటుంది. ఒక ఈఎక్స్ఈకి ఆర్గ్యుమెంట్‌గా కొటేషన్లలో పెట్టి పంపితే ఆ చివరి బ్యాక్‌స్లాష్, ముగించే కొటేషన్ కలిసిపోయి ఆర్గ్యుమెంట్లన్నీ గందరగోళం అయిపోతాయి. ముగించే కొటేషన్‌కి ముందు ఒక చుక్క పెట్టండి, పాత్ అదే ఫోల్డర్‌ని చూపిస్తుంది, గొడవ తీరిపోతుంది.

పాస్‌వర్డ్ పంపాల్సి వస్తే ఎంఎస్ఐ హిడెన్ ప్రాపర్టీస్ లిస్టులో ఆ ప్రాపర్టీ పేరుతో పాటు డిఫర్డ్ యాక్షన్ పేరు కూడా చేర్చాలి, ఎందుకంటే చీటీ కూడా ఒక ప్రాపర్టీయే, లాగ్‌లో పడుతుంది. దాంతోపాటు డిఫర్డ్ యాక్షన్ టైప్‌కి హైడ్ టార్గెట్ ఫ్లాగ్ 8192 కలపండి. లాగ్ ఫైళ్లు సపోర్ట్ టికెట్లకి అటాచ్ అయి ఎక్కడెక్కడికో వెళ్తాయి, అందులో డేటాబేస్ పాస్‌వర్డ్ కనిపించడం ఘోరం.

కోడ్ ఎప్పుడు రాయాలి

ఆ పోర్ట్‌ని ఇంకో ప్రోగ్రామ్ వాడుతోందా చూడటం, ఒక స్ట్రింగ్‌ని చెక్ చేయడం లాంటివి 51తో అవ్వవు. అప్పుడు సీ ప్లస్ ప్లస్ డీఎల్ఎల్‌లో ఎంఎస్ఐ సెట్ ప్రాపర్టీ ఫంక్షన్, లేదా డీటీఎఫ్‌లో సెషన్ ఇండెక్సర్. రెండూ ఇమీడియట్ యాక్షన్‌లోనే (డిఫర్డ్ కాకుండా అప్పటికప్పుడు నడిచేది) పనిచేస్తాయి, డిఫర్డ్‌లో సెట్ చేసి తర్వాత వాడుకుందాం అంటే కుదరదు. ఈఎక్స్ఈ కస్టమ్ యాక్షన్‌తో ప్రాపర్టీ సెట్ చేయలేం, దానికి సెషన్ హ్యాండిల్ రాదు. వీబీస్క్రిప్ట్‌తో చేసిన పాతవి ఉంటే మార్చేయండి, మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబర్‌లోనే దాన్ని డెప్రికేట్ చేస్తున్నట్టు ప్రకటించింది. ఇమీడియట్ యాక్షన్‌లో చదవండి, లెక్కలు వేయండి, ప్రాపర్టీ సెట్ చేయండి, కానీ మెషీన్‌లో ఏదీ మార్చకండి, అక్కడ మార్చింది రోల్‌బ్యాక్ అవ్వదు.

తెలుగు అక్షరాలు ఉన్న వాల్యూలు పెట్టేవాళ్లకి ఒక మాట: తెలుగుకి పాత ఏఎన్ఎస్ఐ కోడ్‌పేజీ అంటూ ఏదీ లేదు, కాబట్టి మామూలు 1252 డేటాబేస్‌లో ఆ అక్షరాలు నిలవవు. డేటాబేస్ కోడ్‌పేజీ 65001 (యూటీఎఫ్-8) పెట్టి, డైలాగుల్లో సరిగ్గా కనిపిస్తోందో లేదో మెషీన్ మీద కళ్లతో చూసుకోండి.

లాగ్ చదివి తేల్చుకోవడం

స్లాష్ ఎల్ స్టార్ వి స్విచ్‌తో లాగ్ తీయండి, ప్రతి టెస్ట్‌కీ. ప్రాపర్టీ పేరు కోసం వెతికితే "ప్రాపర్టీ ఛేంజ్" అని మొదలయ్యే లైన్లు దొరుకుతాయి, యాడింగ్, మాడిఫైయింగ్, డిలీటింగ్ అని, పాత వాల్యూ కొత్త వాల్యూతో సహా. లైన్ మొదట్లో ఎంఎస్ఐ పక్కన బ్రాకెట్లో సి ఉంటే క్లయింట్, ఎస్ ఉంటే సర్వర్. సి వైపు 9090 కనిపించి ఎస్ వైపు కనిపించకపోతే గేటు సమస్య, రెండు వైపులా కనిపించి చివరికి 8080 అయితే ఎవరో తర్వాత తొక్కారు, దాని పైన ఏ యాక్షన్ స్టార్ట్ అయిందో చూస్తే దొంగ దొరికేస్తాడు.

టెస్ట్ చేయాల్సినవి: డబుల్ క్లిక్‌తో, సైలెంట్‌లో వాల్యూ ఇచ్చి, సైలెంట్‌లో ఇవ్వకుండా, స్టాండర్డ్ యూజర్ లాగిన్‌తో, రిపేర్, అన్ఇన్‌స్టాల్, అప్‌గ్రేడ్. అన్నిట్లో అప్‌గ్రేడ్‌నే ఎక్కువ జాగ్రత్తగా చూడండి. మేజర్ అప్‌గ్రేడ్‌లో కొత్త ప్యాకేజీ యాప్ సెర్చ్ ముందే నడుస్తుంది కాబట్టి పాత ప్యాకేజీ రాసిన రిజిస్ట్రీ వాల్యూ అందుతుంది, అక్కడ ఇబ్బంది లేదు. ఇబ్బంది అన్ఇన్‌స్టాల్ అప్పుడు డేటా తుడిచే యాక్షన్లతో వస్తుంది. వాటి కండిషన్‌లో రిమూవ్ ఈక్వల్స్ ఆల్ అని మాత్రమే రాస్తే అప్‌గ్రేడ్‌లో పాతదాన్ని తీసేటప్పుడు కూడా నడిచి కస్టమర్ డేటా పోతుంది, దానికి అండ్ నాట్ అప్‌గ్రేడింగ్‌ప్రాడక్ట్‌కోడ్ అని కలపాలి. ఇది మొదటి వెర్షన్‌లోనే ఉండాలి, ఎందుకంటే ఆ టైమ్‌లో నడిచేది పాత ప్యాకేజీలో ఉన్న యాక్షన్లే, కొత్త ప్యాకేజీలో ఎంత బాగా రాసినా వాటి కండిషన్ మారదు.